ఫూఖూన్‌లో దిగిపోయినవాడు

ఫూఖూన్ సంత దాటి వాన్ మలుపులు దిగడం మొదలుపెట్టాక గాని చన్‌పెంగ్‌కి గుర్తు రాలేదు, బయల్దేరేటప్పుడు తాను పిలవలేదని. ఒళ్లో చేపలు పట్టే చేతివల ఉంది, వల్లో మొగుడు ఖాంఫూయ్ నీలం చొక్కా మడత ఉంది, చొక్కా మీద ఉడికిన కోడిగుడ్డు, జిగురన్నం ముద్ద, అరటిపండు, తెల్ల నూలు పోగులు, అన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఉండాల్సింది మాత్రం ఉందో లేదో ఎవరు చెప్తారు, అది కంటికి కనబడేది కాదు, చేతికి తగిలేది కాదు. నోంగ్‌ఖియావ్ రేవు దగ్గర బండెక్కినప్పుడు పిలిచింది, లువాంగ్‌ప్రబాంగ్‌లో ఈ వాన్‌లోకి మారినప్పుడు పిలిచింది, ప్రతి వంతెన ముందూ పిలిచింది, కియూకచామ్ దగ్గర డ్రైవరు టీ తాగడానికి ఆగి మళ్లీ బండి తీసినప్పుడు కూడా పిలిచింది, రావయ్యా ఖాంఫూయ్ ఖ్వానూ, నీళ్లలో ఉండకు, రాళ్ల మధ్య ఉండకు, ఇంటికి పోదాం రా అని, పెదాలు ఎండిపోయేదాకా. ఒక్క ఫూఖూన్‌లో పిలవలేదు. ఎందుకు పిలవలేదంటే నోరు ఖాళీగా లేదు కనుక. వెదురుకొమ్ముల పులుసు ఆఖరి గుక్క ఇంకా గొంతులోనే ఉంది కనుక.

మనిషి బాగా జడుసుకున్నప్పుడు ఖ్వాన్, ఆ లోపలి ప్రాణకళ, ఒంట్లోంచి జారిపోతుంది, జడుసుకున్న చోటే ఉండిపోతుంది. ఒళ్లు ఇంటికొస్తుంది, అది రాదు. వెళ్లి వలతో తోడి తెచ్చుకోవాలి, ఇది చిన్నపిల్లలకి కూడా తెలుసు. మనిషికి ముప్పై రెండు ఖ్వాన్లు, కంటికొకటి, చెవికొకటి, మోకాలికొకటి, వాటిలో ఏ చీలమండదో పోయినా ఇంత బాధ లేకపోను. పోయింది నాలుకది అని చాన్ తాత తేల్చేశాడు. తమ కాసీ ఊళ్లో ఎవరికి ఖ్వాన్ పోయినా పిలిచి చేతికి నూలు కట్టేది ఆయనే, పడుచువాడిగా ఉన్నప్పుడు విహారంలో భిక్షువుగా ఉండి బయటికొచ్చి పెళ్లి చేసుకున్న మనిషి, మాట మెత్తన, చూపు మాత్రం లోపలికి దిగుతుంది. “చెవిదైతే పాట వినబడిన చోట దిగిపోద్ది, కంటిదైతే రంగు కనబడిన చోట దిగిపోద్ది. నీ మొగుడిది నాలుకది తల్లీ, పొయ్యి కనబడిన చోటల్లా దిగుద్ది. దిగనీ. తిననీ. నువ్వు కూడా తిను, తప్పేం లేదు. లేచేటప్పుడు మాత్రం పేరు పెట్టి పిలువు. పిలవకపోతే దానికి దారేం తెలుసు, అక్కడే కూచుండిపోద్ది,” అన్నాడు. తల ఊపింది తాను. ఇంత తేలికైన మాట ఎవరు మర్చిపోతారు అనుకుంది కూడా.

ఆకలి వల్ల, అంతా ఆకలి వల్ల వచ్చింది. ఇన్నాళ్లుగా ఆకలన్నదే లేదు, అతను ముద్ద పక్కకి నెట్టేస్తే తనకీ ముద్ద దిగేది కాదు, అత్తకి కనబడకుండా రెండు వేళ్లతో అన్నం గిల్లుకుని నోట్లో వేసుకుని నీళ్లు తాగేది. ఫూఖూన్‌లో వాన్ ఆగింది, మంచు రోడ్డు మీదకి దిగి ఉంది, చలి ఎముకల్లోకి పోతోంది. వల పట్టుకుని మరుగుదొడ్డికి వెళ్లకూడదు కనుక పక్క సీటు పెద్దమ్మ చేతికిచ్చి వెళ్లింది, తిరిగొచ్చి మళ్లీ తీసుకుంది, అంతవరకూ అన్నీ పద్ధతిగానే చేసింది. అప్పుడు తగిలింది వాసన. రోడ్డు పక్కన మోంగ్ తెగ ఆవిడ ఒకతె నల్లటి కుండ మూత తీసింది, యానాంగ్ ఆకు పసరులో ఉడికిన వెదురుకొమ్ములు, కట్టెల పొగ, పైన చల్లిన అడవి తులసి. కాళ్లు వాటంతటవే అటు పోయాయి. పీట మీద కూర్చుంది, వల ఎక్కడ పెట్టాలో తెలియక గుంజకున్న మేకుకి తగిలించింది, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తోంది, వల నోరు నేరుగా కుండ వైపే ఉంది. ఒక గిన్నె తాగింది. రెండోది కూడా తాగింది. పెద్దమ్మ కూడా పక్కనే కూర్చుని, పాడేక్ తక్కువైందమ్మా, ఊరేసిన చేప ఇంట్లో ఉంచుకుని వేయడానికి ఇంత పిసినారితనమా అని మోంగ్ ఆవిణ్ని ఆటపట్టించింది, తాను నవ్వింది, నిజంగా నవ్వింది, మొగుడితో ఎక్కిన పడవ మునిగిన రోజు నుంచి మొదటిసారి. డ్రైవరు హారన్ కొట్టాడు. పరుగెత్తింది. వల తీసుకుంది, ఎక్కింది, తలుపు మూసుకుంది. పిలవలేదు.

ఇంకెక్కడుంటాడు, అక్కడే ఉంటాడు, కుండ పక్కనే గొంతుక్కూర్చుని ఆ మోంగ్ ఆవిణ్ని అడుగుతూ ఉంటాడు, పసరు ఎప్పుడు పోస్తారమ్మా, కొమ్ముల్ని ఒక ఉడుకు పారబోసి పోస్తారా, ముందే పోస్తారా అని. అతని పద్ధతే అది. కాసీ బస్సుల దగ్గర వాళ్ల తిండి కొట్టు, ఉత్తరానికి పోయే బండ్లు, దక్షిణానికి పోయే బండ్లు అన్నీ అక్కడే ఆగుతాయి, ఎవడు ఎక్కణ్నుంచి వచ్చినా ఖాంఫూయ్, మీ ఊళ్లో చేపని ఏ ఆకులో చుడతారని అడిగేవాడు. అడిగి అడిగి ఒక రోజు గరిటె పక్కన పెట్టి, ఇక వినడం చాలు, వెళ్లి తిందాం పదవే అన్నాడు. కొట్టు మూసి ఇద్దరూ బయల్దేరారు, పెళ్లయ్యాక ఇంత దూరం ఇద్దరే కలిసి పోవడం అదే మొదలు. లువాంగ్‌ప్రబాంగ్‌లో తెల్లవారకముందే లేపేవాడు, వీధిలో మోకాళ్ల మీద కూర్చుని భిక్షువుల పాత్రల్లో అన్నం వేసేవాళ్లు, ఆఖరి భిక్షువు మలుపు తిరగడమే ఆలస్యం, చాప చుట్టి చంకన పెట్టుకుని పొద్దుటి సంతకి పరుగు. గేదె తోలు వేసి దంచిన ఎండుమిరప పచ్చడి వేలితో తీసి నాకి, దీంట్లో గల్లంగల్ దుంప వేయించి వేశావు కదా అని అమ్మేవాణ్ని అడిగితే వాడు తెల్లబోయాడు. మధ్యాహ్నం ఒక ముసలావిడ ఇంటి ముందు ఒర్లామ్ తిన్నారు, చిక్కటి వంకాయ పులుసులో ఘాటు కర్ర ముక్కలు వేస్తారే అది, ఆ కర్ర నమిలి పిప్పి ఊసెయ్యాలి, ఇతను ఊసిన పిప్పి మళ్లీ చేతిలోకి తీసుకుని పరీక్షగా చూశాడు, సిగ్గుతో చచ్చిపోయింది తాను. కాళ్లు నొప్పులు, గుళ్లన్నీ చూసేశాం, ఇక పోదామా అని సాయంత్రం ఏటి ఒడ్డున అడిగితే, పోవడమేమిటే, ఇక్కడే ఉండిపోదాం, పొద్దున ఒర్లామ్, సాయంత్రం చేప, ఇంకేం కావాలి మనిషికి అన్నాడు.

ఆ మాట ఇప్పుడు లోపల తిరుగుతోంది. ఇక్కడే ఉండిపోదాం. నవ్వుతూ అన్నాడు, కాని ఖ్వాన్‌కి నవ్వులాట తెలుస్తుందా. నోంగ్‌ఖియావ్‌లో ఏటి నాచు అప్పడాలు, నువ్వులు అద్ది ఎండబెట్టినవి, నూనెలో వేయగానే చిటపటమన్నవి, ముయాంగ్‌ఙోయ్‌లో వెదురు బొంగులో కాల్చిన చేప, తింటూ కళ్లు మూసుకునేవాడు, ఆ మొహం ఇంటి దగ్గర ఎప్పుడైనా చూసిందా తాను? ఇంటి దగ్గర ఏముంది. పొగ, పులుసు, అంట్లు, అత్త దగ్గు, సరుకు రాలేదని తన సణుగుడు. తనకి వంట కూడా సరిగ్గా రాదు, కొట్టులో వంటంతా అతనిదే, తాను గిన్నెలు అందిస్తుంది, బల్లలు తుడుస్తుంది. ఖ్వాన్ అనేది ఇష్టమున్న చోటికే వస్తుంది, అందుకే పిలిచేటప్పుడు ఇంట్లో మెత్తటి పరుపుంది, మంచి అన్నముంది, ప్రేమించే పెళ్లాం ఉంది అని ఊరించి చెప్తారు. ఆ ఆఖరి మాట దగ్గర తన గొంతు ప్రతిసారీ కొంచెం తగ్గింది. అతను వింటాడని భయం. విని, అవునా అని అంటాడని భయం.

వాన్ ఇంకో మలుపు తిరిగింది, అందరూ ఒక పక్కకి ఒరిగారు, అరటిపండు దొర్లి గుడ్డుకి తగిలింది. చటుక్కున అరచెయ్యి అడ్డుపెట్టింది. గుడ్డు పగిలితే అంతే. మంచులోంచి లారీ ఒకటి లైట్లు వేసుకుని ఎదురొచ్చింది, దాని గాలికి వాన్ ఊగింది, ఎడమ పక్క కిటికీలోంచి చూస్తే కింద ఏమీ లేదు, తెల్లగా. ఫూఖూన్ ఎంత వెనక్కి పోయిందో. ఇంకొంచెం ఆగి చెప్తే ఇంకొంచెం వెనక్కి పోతుంది. ఇప్పుడే చెప్పాలి. ఏమని చెప్పాలి. పులుసు తాగుతూ మొగుణ్ని మర్చిపోయానని చెప్పాలా?

పడవలో కూడా తిండి మాటే, చివరి నిమిషం దాకా. సన్నటి పొడుగు పడవ, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు, నీళ్లు తగ్గి రాళ్లు పైకి తేలిన కాలం. రాత్రి తిన్న చేప కడుపులో లెమన్‌గ్రాస్‌తో పాటు ఇంకేదో ఆకు పెట్టారు, అదేమిటో చెప్పుకో చూద్దాం అంటున్నాడు. నాకేం తెలుసు అంటోంది తాను. అప్పుడు అడుగు నుంచి ఒక చప్పుడు, చెక్క విరిగిన చప్పుడు కూడా కాదు, ఎవరో కింద నుంచి తలుపు తట్టినట్టు, అంతలో ఆకాశం పక్కకి పడిపోయింది. చల్లదనం. ముక్కులోకి, చెవుల్లోకి నీళ్లు. కాలికి ఇసుక తగిలింది, నిలబడితే నడుము లోతే, అందరూ నిలబడుతున్నారు, దగ్గుతున్నారు, ఒకరినొకరు పట్టుకుంటున్నారు, అతను లేడు. లేడు. పేరు పెట్టి అరవబోతే నోట్లోంచి నీళ్లు తప్ప మాట రాలేదు. అప్పుడు కాస్త కిందుగా, రెండు రాళ్ల మధ్య సుడి తిరిగే చోట, ముందు అన్నం బుట్ట పైకి వచ్చింది, తర్వాత దాన్ని పట్టుకున్న చెయ్యి, తర్వాత తల. బుట్ట వదల్లేదు మహానుభావుడు. ఆ సాయంత్రం ఒడ్డున మంట వేసుకుని ఆ మాటే చెప్పుకుని అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు, ప్రాణం పోతున్నా అన్నం వదలడు చూడండి అని, అతనూ నవ్వాడు. కాని చేప సగంలో వదిలేశాడు. ఏంటయ్యా అంటే రుచి లేదే అన్నాడు. నీళ్లు తాగి ఉంటావు, రేపటికి సర్దుకుంటుందిలే అంది. సర్దుకోలేదు. ఇంటికొచ్చి కొట్టు తెరిచి, సొంత చేతి పులుసు గరిటెతో నోట్లో పోసుకుని, అలా నిలబడిపోయాడు. మళ్లీ పోసుకున్నాడు. ఉప్పు వేశాడు, మళ్లీ వేశాడు, ఆ పూట పులుసు తాగినవాళ్లందరూ దండం పెట్టి లేచిపోయారు. గరిటె కుండలో వదిలేసి మేడ మీదకి పోయాడు. అంతే, మళ్లీ కిందికి దిగలేదు. మొదట తిండి పోయింది, తర్వాత మాట పోయింది, గోడ వైపు తిరిగి పడుకునేవాడు, పిలిస్తే చూసేవాడు, చూపులో తను ఉండేది కాదు. పట్నం తీసుకెళ్తే డాక్టరు అన్నీ చూసి ఒంట్లో ఏ లోపమూ లేదన్నాడు. లోపం లేకపోతే ఆ జబ్బ ఎముక అలా ఎందుకు పొడుచుకొచ్చిందో ఆయన చెప్పలేదు. అత్త ఒక రోజు పొయ్యి దగ్గర కూర్చుని, తన వైపు చూడకుండా అంది, “వీళ్ల నాన్న కూడా ఇలాగే గోడ వైపు తిరిగాడే. మళ్లీ ఇటు తిరగలేదు.” ఆ రోజు నుంచి రాత్రిళ్లు అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది తాను.

అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది, దాన్ని తలుచుకోకూడదని పొద్దుట్నుంచీ పక్కకి నెడుతోంది, ఇప్పుడు వద్దన్నా ఎదురొస్తోంది. తోడినప్పుడు వల బరువుగా వచ్చింది. ఆ సుడి దగ్గరికి తీసుకెళ్లిన పడవ మనిషి మంచివాడు, ఇంజను ఆపి, టోపీ తీసి పక్కన పెట్టి కూర్చున్నాడు, తాను మోకాళ్ల మీద వంగి వల నీళ్లలో ముంచింది, రావయ్యా ఖాంఫూయ్ ఖ్వానూ అని పిలిచి తోడింది, నీళ్లు కారిపోయాయి, మళ్లీ తోడింది, మూడోసారి తోడినప్పుడు మణికట్టు కిందికి గుంజినట్టయింది. వచ్చాడు అనుకుంది. ఏడుపొచ్చింది. చొక్కా మీదకి వంచి పెట్టుకుంది. అప్పుడు పడవ మనిషి, ఊరికే, మాట కలపడానికి అన్నాడు, ఇక్కడ చాలామందే పడ్డారులే అక్కా, అందరికీ వచ్చి తోడుకుపోయేవాళ్లు ఉంటారా ఏమిటి అని. అప్పట్నుంచీ వల వైపు సూటిగా చూడలేకపోతోంది. ఎవరూ రాని వాళ్లు, ఏళ్ల తరబడి ఆ రాళ్ల మధ్య తిరుగుతున్న వాళ్లు, ఎవరి పెళ్లామో వలేసి పిలుస్తుంటే, చొక్కా, అన్నం, గుడ్డు పెట్టుకుని పిలుస్తుంటే, నేనే ఖాంఫూయ్‌ని అని ఎక్కి కూర్చోరా? తాను ఇంటిదాకా మోసుకెళ్లి, చేతికి నూలు కట్టి, లోపల పెట్టేస్తుంది. పొద్దున లేచి అతను అన్నం తింటాడు. తింటాడు, మాట్లాడతాడు, మర్యాదగా నవ్వుతాడు, ఆ తినేది ఎవరు? ఒకవేళ ఫూఖూన్‌లో దిగిపోయింది ఖాంఫూయ్ అయితే, ఇప్పుడు ఒళ్లో కూర్చుని తనతో పాటు మలుపులు దిగుతున్నది ఎవరు? చేతులు వల మీద నుంచి వాటంతటవే లేచాయి. మళ్లీ బలవంతాన పెట్టింది.

“చలేస్తోందా అమ్మాయ్? వణుకుతున్నావు,” అంది పక్క సీటు పెద్దమ్మ. పేరు ద్వాంగ్, కూతురు పురుడికని వాంగ్‌వియెంగ్ పోతోంది, వాన్ ఎక్కిన దగ్గర్నుంచీ వలకి తన కాలు తగలకుండా మడుచుకుని కూర్చుంది, అడక్కుండానే. చన్‌పెంగ్ ఆవిడ మొహంలోకి చూసింది. చెప్పకూడదనుకుంది. నోరు తెరిస్తే ముందు ఏడుపే వచ్చింది.

“పిలవలేదు పెద్దమ్మా. పులుసు దగ్గర మేకుకి తగిలించాను. లేచేటప్పుడు పిలవలేదు.”

పెద్దమ్మ ఒక్క క్షణం వల వైపు చూసింది, నవ్వలేదు. “నాదీ తప్పే. పాడేక్ గోలలో పడి నేనూ గుర్తు చెయ్యలేదు,” అంది. తర్వాత ముందు సీటు మీద అరచేత్తో దబదబా కొట్టింది. “ఒరేయ్ సొమ్‌లిత్, బండాపు. మనిషి దిగిపోయాడు.”

డ్రైవరు అద్దంలోంచి లెక్కచూసుకుంటూ, “అందరూ ఉన్నారు కదా, ఎవడు దిగింది?” అన్నాడు.

“ఖాంఫూయ్. ఫూఖూన్‌లో,” అంది పెద్దమ్మ.

సొమ్‌లిత్‌కి బాగా తెలుసు ఖాంఫూయ్, రోజు విడిచి రోజు కాసీలో అతని బల్ల దగ్గరే భోజనం, మనిషి ఒళ్లు చూస్తేనే తెలుస్తుంది. లువాంగ్‌ప్రబాంగ్‌లో చన్‌పెంగ్ ఎక్కుతుంటే, వల్లో ఉన్నాయనకి కిటికీ సీటు కావాలా వదినా అని హాస్యమాడాడు కూడా. ఇప్పుడు హాస్యమాడలేదు. రోడ్డు కాస్త వెడల్పైన చోట కొండకి ఆనించి బండి ఆపాడు. వెనక్కి పోదాం బాబూ, నీకు దండం పెడతాను అంది చన్‌పెంగ్. “ఈ మంచులో ఇక్కడ తిప్పితే మనందరి ఖ్వాన్లూ ఏరుకోడానికి వేరే వాళ్లు రావాలి వదినా,” అన్నాడతను మెల్లిగా. “కాని వెయిట్ చేస్తా. ఎంతసేపైనా చేస్తా. నువ్వు దిగి పిలువు. దారి దిగుడే కదా, వచ్చేస్తాడు.”

దిగింది. మంచు మొహానికి తడిగా తగిలింది, వచ్చిన దారి నాలుగు అడుగుల తర్వాత కనబడ్డం లేదు. కింద ఎక్కడో నీళ్ల చప్పుడు, మళ్లీ నీళ్లేనా, ఎక్కడికి పోయినా నీళ్లేనా. వల రెండు చేతులా పట్టుకుని నోరు పైకి పెట్టి నిలబడింది. చెప్పాల్సిన మాటలు తెలుసు, తాత నేర్పాడు, మెత్తటి పరుపు, మంచి అన్నం, అన్నీ వరసగా. మొదలుపెట్టింది. రావయ్యా ఖాంఫూయ్ ఖ్వానూ. గొంతు మంచులో రెండడుగులు కూడా పోలేదు. అడవిలో ఉండకు, సంతలో ఉండకు. ఎవరూ లేరు. ఎవరూ రావడం లేదు. ఇంటి దగ్గర మంచి అన్నముంది. లేదు. కొట్టు మూసి ఉంది, కుండలు బోర్లించి ఉన్నాయి, ఈ అబద్ధం అతనికి తెలియదా. అప్పుడు లోపల భయం గడ్డకట్టి ఉన్నది ఏదో పగిలింది, తాత నేర్పిన మాటలన్నీ పోయాయి. “నాకు వంట రాదని నీకు తెలుసు కదయ్యా,” అని అరిచింది. “నువ్వు అక్కడ కూచుంటే నేనేం చెయ్యను? ఆ కుండలన్నీ నేనేం చేసుకోను? పాడేక్ కుండ మూత తియ్యడం కూడా నువ్వు నాకు నేర్పలేదు. మీ అమ్మకి నేనేం పెట్టను? ఆ చేపలో ఆకేంటో చెప్పకుండా పోతావా? నాకు భయమేస్తోందయ్యా. ఒక్కదాన్నే ఇంట్లో పడుకోవాలంటే భయమేస్తోంది. రా.”

వెనక ద్వాంగ్ పెద్దమ్మ దిగి వచ్చి పక్కన నిలబడి ఆవిడ కూడా పిలిచింది, రా నాయనా రా, బండి నీ కోసమే ఆగింది అని, పేరంటానికి పిలిచినంత మామూలుగా. వాన్‌లోంచి ఇంకెవరో కిటికీ తీసి, రావయ్యా ఖాంఫూయ్ అన్నారు, ముఖపరిచయం కూడా లేని గొంతు. సొమ్‌లిత్ హారన్ కొట్టాడు, పొడుగ్గా, కాసీలో భోజనాల వేళ కొట్టు ముందు కొట్టినట్టే. ఏమీ జరగలేదు. గాలి రాలేదు, ఆకు కదల్లేదు, వల బరువెక్కలేదు, తేలికవలేదు. మంచు అలాగే ఉంది. పెద్దమ్మ భుజం పట్టుకుని వాన్‌లోకి ఎక్కించింది. ఈసారి తలుపు మూసే ముందు, పద ఇంటికి అంది చన్‌పెంగ్, వల వైపు చూసి. చూడ్డానికి ధైర్యం చేసింది.

కిందికి దిగేకొద్దీ మంచు పలచబడింది, సున్నపురాతి కొండలు మొనదేలి పైకి లేచాయి, వరికోసిన పొలాల్లో గేదెలు కనబడ్డాయి, చలి తగ్గింది, భయం తగ్గలేదు. ఇంటి దగ్గర మెట్ల కింద నిలబడి తాను అడగాలి, ఖాంఫూయ్ ఖ్వాన్ వచ్చిందా అని. మేడ మీద నుంచి ఇంట్లోవాళ్లు వచ్చింది అనాలి. అనకపోతే గడప దాటదు. అత్తకి ఆ సంగతి నాలుగుసార్లు చెప్పి వచ్చింది, అత్తకి చెవుడు లేదు, కాని ముసలావిడ, కునుకు తీస్తుంటే? తీయకపోయినా, అడగ్గానే లోపల నిశ్శబ్దంగా ఉంటే? అసలు తాను పోయిన ఈ కాస్త సమయంలోనే అతను, ఆ ఆలోచన సగంలోనే తెంపేసింది, చొక్కా అంచు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది. కాసీ వంతెన వచ్చింది, పిలిచింది. కూరగాయల సంత వచ్చింది, అవసరం లేకపోయినా పిలిచింది. తలుపులు మూసి ఉన్న తమ కొట్టు ముందు వాన్ ఆగింది, పెద్దమ్మ కిటికీలోంచి చెయ్యి చాచి ఆమె తల మీద ఒకసారి పెట్టి తీసింది. సొమ్‌లిత్ మాత్రం, “ఎల్లుండి మళ్లీ వస్తా వదినా. బల్ల తుడిచి పెట్టమను,” అని బండి పోనిచ్చాడు.

ఇంటి వెనక నుంచి మెట్ల దగ్గరికి వచ్చింది. పై మెట్టు మీద అతని చెప్పులు, తాను వెళ్లేటప్పుడు ఎలా ఉన్నాయో అలాగే. “ఖాంఫూయ్ ఖ్వాన్ వచ్చిందా?” అంది. గొంతు తనకే వినబడలేదు. ఇంకోసారి అంది. లోపల ఏదో గిన్నె కిందపడ్డ చప్పుడు, అత్త కంగారు గొంతు, “వచ్చింది, వచ్చింది,” అని, ఆ గొంతులో నమ్మకం లేదు, భయమే ఉంది, తన గొంతులోలాగే. ఎక్కింది. అతను గోడ వైపు తిరిగే కూర్చుని ఉన్నాడు. జబ్బ ఎముక. వల తెచ్చి అతని ముందు పెట్టింది, చొక్కా విప్పి భుజాల మీద కప్పింది, గుడ్డూ అన్నమూ అరచేతిలో పెట్టింది, ఆ చెయ్యి పట్టుకోలేదు, పడేయనూ లేదు. అలా ఉంచింది. నూలు పోగు తీసి మణికట్టు చుట్టూ తిప్పి, ముడి వేయడానికి దగ్గరగా వంగింది. ఎముక చుట్టూ పోగు ఎంత మిగిలిపోయిందో చూస్తే కళ్లు మసకబారాయి. ముడి పడ్డం లేదు.

అతని ముక్కుపుటాలు కదిలాయి. మొదట ఊపిరి అనుకుంది. మళ్లీ కదిలాయి. మెడ మెల్లగా, చాలాకాలంగా తీయని తలుపులా తిరిగింది, మొహం ఆమె జుట్టు దగ్గరికి వచ్చింది, భుజం దగ్గరికి వచ్చింది, ఆగింది. ఎవరు ఇది అనుకుంది, ఎవరైతే ఏమిటి, కాదు, ఎవరు.

“ఫూఖూన్‌లో ఆగారా?” అన్నాడు. గొంతు తుప్పు పట్టి ఉంది.

“ఆగాం.”

“కట్టెల పొయ్యి. యానాంగ్ ఆకు.” ఇంకోసారి వాసన పీల్చాడు. “వెదురుకొమ్ములు తిన్నావు.”

అబద్ధం చెప్పొచ్చు. నీ కోసం అన్నం మానేసి తిరిగానని చెప్పొచ్చు. “తిన్నాను,” అంది. “రెండు గిన్నెలు.”

అతను చూశాడు. ఈసారి ఆ చూపులో తాను ఉంది. ముందు నమ్మలేనట్టు, తర్వాత కోపంగా, పెళ్లైన కొత్తలో ఒకసారి మామిడికాయ పంచకుండా తినేసినప్పుడు చూసినట్టు.

“నన్నక్కడ పెట్టుకుని ఒక్కదానివే తిన్నావా?”

నీళ్లలోంచి ఎక్కి వచ్చిన పరాయివాడైతే ఈ మాట అనడు. చన్‌పెంగ్ అతని మోకాలి మీద తల పెట్టేసింది, చేతిలో పోగు ముడి పడకుండానే. “పాడేక్ సరిపడా వేసిందా?” అంటున్నాడు పైన. తక్కువైంది అంది, మాట సరిగ్గా రాలేదు. “నాకు తెలుసు. వాళ్లెప్పుడూ అంతే,” అంటూ అతను గుడ్డు నేలకేసి కొట్టి పెంకు వలవడం మొదలుపెట్టాడు. వంటింటి గుమ్మంలో పడిపోయిన గిన్నె చేత్తో పట్టుకుని నిలబడ్డ అత్త మళ్లీ అంది, ఎవరూ అడక్కుండానే, వచ్చింది అని.